చెవిగాటు

ఆ వేసవిలో మా ఇంట్లో మనుషులకన్నా భద్రంగా చూసుకోవలసిన ప్రాణి ఒక కుక్క. బిడ్డల తల్లికి ఉండే దిగులంతా నాకు బిడ్డలు పుట్టకముందే ఆ కుక్క వల్ల వచ్చింది.

"ఒంటి మీద గీత పడొద్దు అండాలూ. ఒక్క గీత గూడ," అని మా ఆయన దశరథ పొద్దున పోతూ ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి చెప్పేవాడు. పెళ్ళిలో పంతులు కూడా నాకు ఇన్నిసార్లు జాగ్రత్తలు చెప్పలేదు.

అది అరవై తొమ్మిది. కొత్తపేటలో విజయవాడ రోడ్డు పక్కనే మా ఇల్లు. ఇప్పుడు మెట్రో రైలు తలమీద నుంచి పోయే ఆ రోడ్డుకు అప్పట్లో రెండు వైపులా ద్రాక్షతోటలూ జొన్నచేలూ ఉండేవి. మా మామ మైసయ్య పని కుక్కల్ని పెంచేవాడు. చేల మీద పడే అడవిపందుల్ని తరమడానికి, కోతలయ్యాక బీళ్ళలో కుందేళ్ళను, మా మాటలో చెవులపిల్లుల్ని, పట్టడానికి ఆయన కుక్కల కోసం మీర్‌పేట నుంచీ నాదర్‌గుల్ నుంచీ మనుషులు వచ్చేవారు. వాటిలో ముసలి తల్లి చుక్క. చుక్క అందగత్తె కాదు. ఒళ్ళంతా అతుకుల బొంతలా మచ్చలు, తోక వంకర, చెవులు ఒకటి లేచి ఒకటి వాలి. ఎడమ చెవి అంచున పాత గాటు.

ఆ గాటు ప్రమాదంలో పడింది కాదు. మా మామ ఇంట్లో తాతలనాటి పద్ధతి ఒకటుండేది. పిల్లగా ఉన్నన్నాళ్ళూ కుక్కకు పేరు పెట్టరు. అది మొదటి చెవులపిల్లిని పట్టి, నమలకుండా తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టిన రోజున కొడవలి మొనతో ఎడమ చెవికి చిన్న గాటు పెట్టి, పసుపు అద్ది, అప్పుడు పేరుతో పిలుస్తారు. అప్పుడది ఇంటిది. అంతదాకా ఎంత బువ్వ తిన్నా వచ్చిన కుక్కే. మనుషుల విషయంలోనూ ఆయనది దాదాపు ఇదే లెక్క. పెళ్ళై మూడేళ్ళయినా నన్ను "ఓ పిల్లా" అనే పిలిచేవాడు. పోనీలే, నా చెవి నాకు భద్రంగా ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను.

నేను కావలి కాసే కుక్క చుక్క కొడుకే. తండ్రి మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే రామమోహనరావు గారి సుల్తాన్. రావు గారిది తెనాలి వైపు. పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. మా ఆయన దినకూలీ మీద పనిచేసే సర్కారు ఆఫీసులో ఆయన ఇంజనీరు. వేటకుక్కల జాతి లక్షణాల మీద ఆయన దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. సుల్తాన్ ఆ పుస్తకంలో నుంచి లేచి వచ్చినట్టే ఉండేది. గోధుమరంగు, సన్నని నడుము, పొడవాటి మూతి. చుక్కకు ఆ ఈతలో పుట్టిన పిల్లలన్నీ రోగం వచ్చి పోతుంటే రావు గారే పశువుల డాక్టరును వెంటబెట్టుకుని వచ్చి సూదిమందు వేయించారు. ఒక్కటి బతికింది. రంగూ రూపూ అన్నీ తండ్రివే. రావు గారు దాన్ని ప్రిన్స్ అనేవారు. మా మామ "ఓ కుక్కా" అనేవాడు.

ఆదివారాలు రావు గారు దర్జీ టేపు పట్టుకుని వచ్చి మా వాకిట్లో దాన్ని కొలిచేవారు.

"చూశారా మైసయ్య గారూ, అచ్చం పుస్తకంలో రాసినట్టే ఉంది. ఆ మెడ చూడండి. చెవులు చెంపలకి ఎలా అతుక్కుని ఉన్నాయో చూడండి."

"చెవులు మంచిగనే ఉన్నయ్ సారూ. గా చెవులతోని ఉరుకుతదా?"

"పరిగెత్తేది కాళ్ళతో కదండీ!"

"కాళ్లతోని మేక గూడ ఉరుకుతది. కుక్క గుండెతోని ఉరకాలె. గా గుండె మీ టేపుకు దొరుకుతదా?"

రావు గారు నవ్వేవారు. "దొరకదు, ఒప్పుకుంటా. కానీ ఒళ్ళు చెడిపోతే మీ గుండె ఎక్కడ ఉంటుందండీ? నాలుగు ఈతలు పోయేసరికి వీధికుక్కల్లో కలిసిపోతుంది. జాతి నిలబెడితేనే పనీ నిలుస్తుంది."

"పని జేయిస్తే జాతి నిలుస్తది. కట్టేసి కొలుస్తే నిలువది," అని మా మామ తుండుగుడ్డ దులుపుకుని లేచేవాడు. నాకు ఇద్దరి మాటా నిజమేననిపించేది. ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడంలో వాళ్ళకు ఉన్న సంబరం చూసి, నేను ఛాయ్‌లో చక్కెర కాస్త ఎక్కువే వేసేదాన్ని.

ఇదంతా వేడుకగానే ఉండిపోయేది, మధ్యలో నౌకరి మాట రాకపోతే. రావు గారి స్నేహితుడొకాయనకు ఊరికి అవతలి కొసన పెద్ద బంగళా, దాని నిండా జాతికుక్కలు ఉన్నాయి. ఆయన ఒకసారి వచ్చి మా కుక్కను చూసి, "ఇది మార్చిలో జరిగే కుక్కల పోటీలో గెలిస్తే దీన్ని పెంచినవాణ్ణే నా కుక్కల మీద పెద్దగా పెట్టుకుంటా. ఉండడానికి ఇల్లు కూడా ఇస్తా," అన్నాడు. ఆరేళ్ళుగా దినకూలీగానే ఉన్న మా ఆయనకు ఆ మాట ఎంతదో వేరే చెప్పాలా? కాకపోతే ఆ పోటీలో మచ్చ ఉన్న కుక్కను, గాటు పడ్డ కుక్కను బరిలోకే రానివ్వరట. అందుకే ఒక్క గీత కూడా పడకూడదు. అందుకే నా కాపలా.

సరిగ్గా అప్పుడే ఊరు అంటుకుంది.

ప్రత్యేక తెలంగాణ కావాలని మొదట కాలేజీ పిల్లలు, తరువాత అందరూ. బస్సులు ఆగిపోయేవి. రోడ్డు మీద టైర్లు తగలబడి మా వాకిట్లోకి మసి వచ్చేది. కాల్పుల్లో పిల్లలు పోయారని విన్న రోజున మా వాడలో ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. మార్చిలో జరగవలసిన కుక్కల పోటీ మే నెలకు వాయిదా పడింది. మేలో కర్ఫ్యూ వచ్చింది. "పరిస్థితులు చక్కబడ్డాక" అని కబురు వచ్చింది. రావు గారు భార్యాపిల్లల్ని తెనాలి పంపేసి సుల్తాన్‌తో ఒక్కరే మిగిలారు. జూన్‌లో ఆఫీసుల సమ్మె మొదలయింది. మా ఆయన పగలు "ఆంధ్రోళ్ళు వాపసు పోవాలె" అని అరిచి, సాయంత్రం ఆ బొంగురు గొంతుతోనే రావు గారింటికి పోయి కుక్కకు ఏం పెట్టాలో కనుక్కుని వచ్చేవాడు.

"గట్లెట్లయ్యా?" అని ఉండబట్టలేక అడిగాను.

"గది వేరే, గిది వేరే. ఆరేండ్ల సంది నన్ను పక్కా జెయ్యనిది సర్కారు. సారు గాదు."

"ఆ మాట రాళ్ళేసేటోళ్ళకు తెలుస్తదా?"

ఆయన కుక్క గిన్నె తీసుకుని కడగడానికి పోయాడు. నాకు అన్నం సయించేది కాదు. ఊరేగింపు వస్తే రాయి కుక్కకు తగులుతుందేమోనని భయం. తోటల ముళ్ళకంచెలోకి దూరుతుందేమోనని భయం. బయట తిప్పడం మానేసి గుంజకు కట్టేశాం. గొలుసు రాపిడికి మెడ మీద వెంట్రుక ఊడిపోతుందేమోనని గొలుసుకు నా పాత చీర చుట్టాను. అయినా కుక్క చిక్కిపోయింది. గుంజ చుట్టూ తిరిగి తిరిగి నేల మీద గుండ్రంగా గాడి పడింది. గిన్నెలో బువ్వ సగానికి సగం మిగిలేది. ఒకరోజు తన తోక తానే కొరుక్కుంటుంటే పరిగెత్తి నోట్లోంచి లాగాను.

"సూస్తున్నవా పిల్లా," అన్నాడు మా మామ. "గీత పడకుండ సంపుతున్నరు దాన్ని."

మర్నాడు పొద్దున మా ఆయన సమ్మె మీటింగుకు పోగానే మా మామ గొలుసు విప్పాడు.

"మామా, ఏడికి?"

"నాదర్‌గుల్ దిక్కు. జర ఉరికించుకొస్త."

"ఆయన నన్ను బతకనిస్తడా?"

"పరేషాన్ ఎందుకు? నువ్వు గూడ రా. కావలి కాద్దువు."

ఆపగలిగితే ఆపేదాన్నే. మా మామ ఒకసారి అడుగు వేశాడంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఇంటికి తాళం వేసి కొంగు బిగించి వెంటపడ్డాను. చుక్క కుంటుకుంటూ నా వెనకాల వచ్చింది. మీర్‌పేట దాటాక బీళ్ళు మొదలయ్యాయి. తుమ్మలు, రేగుపొదలు, ఎండిపోయిన సీతాఫలం చెట్లు. మామూలు కళ్ళకు అది బీడు. నా కళ్ళకు అది ముళ్ళ కొట్టు. ప్రతి ముల్లూ ఆ కుక్క ఒంటి కోసమే పుట్టినట్టు కనబడింది.

ఒక గట్టు పక్క నుంచి చెవులపిల్లి లేచింది. కుక్క కదలలేదు. తల ఎత్తి, ఒక కాలు మడిచి, రావు గారు నేర్పినట్టు అందంగా నిలబడింది. మా మామ ముఖం నల్లబడిపోయింది. "బొమ్మను జేసిండ్రు," అని గొణిగాడు. ఇంతలో చుక్క ఒక్క అరుపు అరిచింది. ఉరకలేని ముసలిది, అక్కడే నిలబడి అరిచింది.

అంతే. ఆ పరుగు నేను ఇప్పటికీ చెప్పలేను. నాలుగు కాళ్ళూ నేలకు తగులుతున్నాయో లేదో తెలియలేదు. చెవులపిల్లి మడమ తిప్పి పక్కకు దూకితే అదీ అక్కడికక్కడే ఒళ్ళు విరిచి తిరిగింది. రెండూ దుమ్ములో కలిసిపోయాయి. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి కుక్క నింపాదిగా నడిచి వస్తోంది. నోట్లో చెవులపిల్లి. దాన్ని తెచ్చి మా మామ కాళ్ళ దగ్గర పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

మా మామ దాని రొమ్ము మీద అరచేయి పెట్టి చాలాసేపు ఉన్నాడు. "కాళ్ళు సుల్తాన్‌వి," అన్నాడు. "మలుపు చుక్కది. ఆంధ్ర సారు జెప్పిన మాటల గూడ నిజమున్నది పిల్లా." ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

నాకు ఆ ముచ్చట పట్టలేదు. నేలమీద కూలబడి కుక్క నాలుగు కాళ్ళూ, పొట్టా, వీపూ, తోకా తడిమాను. కాళ్ళ వేళ్ళ సందుల్లో కూడా చూశాను. ఒక్క గీత లేదు. పెద్ద గండం గడిచింది తల్లీ అని ఎల్లమ్మకు రెండు చేతులూ ఎత్తి కళ్ళు మూసుకుని దండం పెట్టాను.

కళ్ళు తెరిచేసరికి మా మామ చేతిలో కొడవలి ఉంది. కుక్క ఎడమ చెవి అంచు నుంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారుతోంది. ఆయన ధోవతి కొసన ఉన్న ముడి విప్పి పసుపు తీసి అద్దుతున్నాడు. అంటే ఇంటి నుంచే కట్టుకుని వచ్చాడన్నమాట.

"పిడుగు," అన్నాడు దాని చెవిలో. "ఇయ్యాల్టి సంది నీ పేరు పిడుగు."

"మామా, ఏం జేసినవే?"

"ఏం జేసిన? పేరు వెట్టిన." నా ముఖం చూశాడు. కొడవలి చూశాడు. "పోటీ..." అని నోట్లోనే ఆగిపోయాడు. కొడవలి మొన తుండుగుడ్డతో తుడిచి, "మతికి లేదు పిల్లా. చెయ్యి దానంతట అదే పోయింది," అన్నాడు.

ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం దాని చెవినే చూస్తూ నడిచాం. కుక్క ఒక్కటే సంబరంగా ముందు నడిచింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, అలవాటు ప్రకారం కుక్క దగ్గర కూర్చుని మెడ నుంచి నిమురుతూ వచ్చాడు. చెవి దగ్గర చెయ్యి ఆగింది. నేను పళ్ళెంలో అన్నం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"నా నౌకరి చెవి గోసినవ్ నాయినా," అన్నాడు మెల్లగా.

"నేను దానికి ఇజ్జత్ ఇచ్చిన దశరథా."

మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. పిడుగు గిన్నె ఊడ్చినట్టు బువ్వంతా తినేసింది.

తరువాత రెండు వారాలు తండ్రీ కొడుకులకు మాటల్లేవు. మా మామ పడక కొట్టంలోకి మార్చుకున్నాడు. "సారు దగ్గరికి నేనే పోయి చెప్తా అని చెప్పు వాడికి," అని నాతో అనేవాడు. "ఏం చెప్పొద్దని చెప్పు ఆయనకు," అని మా ఆయన నాతోనే అనేవాడు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. రావు గారు హఠాత్తుగా వస్తే కనబడకుండా కుక్క చెవులకు గుడ్డ కట్టాం. చెవిపోటు అని చెప్పాలనుకున్నాం. పుస్తకమంతా కంఠతా వచ్చిన మనిషి దగ్గర చెవిపోటు అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? సైకిలు బెల్లు వినబడినా నేను ఉలిక్కిపడేదాన్ని.

రావు గారు వచ్చారు. కానీ మేం అనుకున్నట్టు కాదు. ఒక పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్ళ మీద రాళ్ళు పడ్డాయని తెలిసి మా ఆయన పరిగెత్తాడు. మధ్యాహ్నానికి రిక్షాలో ఆయన్ని తెచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, సుల్తాన్, తలకు నెత్తుటి తువ్వాలు కట్టుకుని రావు గారు. కిటికీలోంచి వచ్చిన రాయి ఎడమ చెవి పక్కన తగిలిందట.

ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.  నా కన్ను ఒకటి ఆయన చెవి మీద, ఒకటి కుక్క చెవికి కట్టిన గుడ్డ మీద.

"రేపు పొద్దున విజయవాడ పోయే లారీ ఒకటి మాట్లాడాడు దశరథ," అన్నారు రావు గారు. "ఈ రాత్రికి మీకు ఇబ్బంది."

"ఇబ్బంది ఏంది సారూ," అన్నాడు మా మామ. కానీ ఆయన వైపు చూడలేకపోయాడు.

రావు గారి కళ్ళు పిడుగు మీదికి పోయాయి. "దానికేమయింది?"

"చెవిపోటు సార్..." అని మా ఆయన మొదలుపెట్టాడు. ఈలోపు మా మామే లేచి, వెళ్ళి గుడ్డ విప్పేశాడు.

రావు గారు కుక్కను దగ్గరికి పిలిచి, ఆ మెత్తటి చెవిని వేళ్ళ మధ్య పట్టుకుని గాటును పరీక్షగా చూశారు. తెలిసిపోయింది. చుక్క చెవిని ఆయన ఎన్నోసార్లు చూసినవారే.

"వేట చేసిందా?" అని అడిగారు.

"జేసింది సారూ. నమలలే. కాళ్ళ కాడ వెట్టింది."

"ఎలా పరిగెత్తింది?"

మా మామ అరచేతిని గాలిలో ఇటు నుంచి అటు ఒక్క విసురు విసిరి మధ్యలో మలుపు తిప్పి చూపించాడు. రావు గారు ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు.

"సార్, పోటీ..." అన్నాడు మా ఆయన.

"ఎక్కడి పోటీ దశరథా? ఈ ఏడు లేదు. నీకు ఉద్యోగం ఇస్తానన్న మావాడు కూడా కుక్కల్ని అమ్మేసి బెంగుళూరు వెళ్ళిపోతున్నాడు. నీకు ఎలా చెప్పాలా అని వారం నుంచీ నేనే మథనపడుతున్నా."

మా ఆయన గోడకు చేరగిలబడ్డాడు. అన్ని నెలలూ పడకుండా నేను మెలకువగా కాచిన ఆ ఒక్క గీత ఇంతకీ దేనికీ అడ్డం రాలేదు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చి రెండూ ఆగిపోయాయి.

రావు గారు తన తలకట్టు తడుముకున్నారు. "మైసయ్య గారూ, మీ పద్ధతి ప్రకారం ఎడమ చెవికి గాటు పడితే ఇంటిదైనట్టే కదా?"

"అవ్ సారూ."

"మరి నాకూ పడింది. నేను ఈ ఊరివాణ్ణి అయినట్టా, కానట్టా?"

ఆయన నవ్వుతూనే అడిగారు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. మా మామ లేచి లోపలికి వెళ్ళి పసుపు తెచ్చాడు. రావు గారి తువ్వాలు తానే విప్పి, గాయం కడిగి, కుక్కకు అద్దిన బొటనవేలితోనే పసుపు అద్దాడు. 

మర్నాడు తెల్లవారాక లారీ వచ్చి రోడ్డు మీద ఆగింది. కుక్కను ఎక్కించుకోనన్నాడు డ్రైవరు. రావు గారు వంగి సుల్తాన్ మెడ చుట్టూ చేతులు వేసి, కాసేపుండి, గొలుసు మా ఆయన చేతిలో పెట్టి చరచరా లారీ ఎక్కేశారు. వెనక్కి చూస్తే దిగిపోతానని భయం కాబోలు.

లారీ కదలబోతుంటే మా మామ గబగబా వెళ్ళి దాని తలుపు మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళూ ఎదురుగా ఉంటే సారూ అని, లేకపోతే ఆంధ్ర సారు అని తప్ప ఆయన నోట మరో పిలుపు నేను వినలేదు.

"రామమోహనా!" అన్నాడు. "పైలంగ పో. వానలు వడంగనే రా. నాదర్‌గుల్‌ల చెవులపిల్లులు మస్తుగున్నయ్."

రావు గారు తల ఊపారు.   లారీ హయత్‌నగర్ వైపు వెళ్ళిపోయింది. దుమ్ము తగ్గేదాకా మా మామ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఒక పక్క పిడుగు, ఇంకో పక్క సుల్తాన్.

మా ఆయన వెళ్ళి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంట్లకు పా నాయినా," అన్నాడు. "ఎండ ఎక్కుతున్నది."